నోరు కోసిన పానా

శనివారం ఉదయం పదిన్నరకు, నార్కట్‌పల్లిలోని ఐలేశం మెకానిక్ షెడ్డులో, ఒక పాత కారు నట్టు పాడైంది. ఆరు మూలల నట్టు గుండ్రంగా అరిగిపోయింది. అప్పుడు షెడ్డులో ఉన్నది ఐలేశం కూతురు అనూహ్య ఒక్కతే. పానా ఆమె చేతిలోనే ఉంది.

అనూహ్య ఆరో తరగతి. స్కూలు ఖోఖో జట్టులో ఆడుతుంది. మరునాడు పొద్దున్నే హాలియాలో పోటీలు. జట్టంతా పట్టే ఈ పెద్ద కారే వాళ్లను తీసుకుపోవాలి. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఊళ్లోని మిగతా బండ్లన్నీ కిరాయికి పోయాయి. మధ్యాహ్నానికల్లా ఇది బాగైతేనే జట్టు పోతుంది.

కారులోంచి ఆయిల్ కారుతోంది. ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరచడానికి కారు ముందు భాగంలో పలకంత జాలీ ఉంటుంది. దాన్ని ఆయిల్ కూలర్ అంటారు. ఇంజిన్ నుంచి దానికి రెండు పైపులు. ఆ రెండూ పాతవై పగిలాయి. ఇంజిన్ వైపు నట్లను ఐలేశం పొద్దున్నే విప్పాడు. కూలర్ వైపు రెండు నట్లు తుప్పు పట్టి ఉన్నాయి.

కొత్త పైపుల కోసం నల్లగొండకు పోతూ ఆయన కూతురితో చెప్పాడు.

"నట్లకు డీజిల్ పోసిన. నాననియ్యి. నోరు కోసిన పానా సాయిలు షెడ్డుల ఉన్నది, తెచ్చిపెట్టు. నేనొచ్చేదాంక నట్టు ముట్టకు."

"సరే బాపూ."

సాయిలు షెడ్డు పక్కనే. కానీ అక్కడ సాయిలు కొడుకు రాకేష్ ఉంటాడు. అనూహ్య క్లాసే. సోమవారం ఖోఖో ఆడుతూ ఆమె జారిపడితే, "కప్ప దుంకింది చూడుండ్రి" అని అందరికీ వినబడేలా అరిచాడు. అప్పటి నుంచి ఇద్దరికీ కచ్చి. మాటల్లేవు.

'వాన్ని అడుగుడేంది? బాపు వచ్చేసరికి నేనే విప్పిపెడ్త' అనుకుంది అనూహ్య.

షెడ్డులో ఉన్న మామూలు పానా తీసింది. దాని నోరు అరిగి వెడల్పయింది. నట్టు మీద వదులుగా ఆడింది. లారీ డ్రైవర్లు ఇట్లాంటప్పుడు సందులో రేకు ముక్క దోపి తిప్పడం ఆమె చూసింది. తనూ రేకు దోపింది. రెండు చేతులతో లాగింది.

పానా జారింది. వేళ్ల కణుపులు జాలీకి కొట్టుకున్నాయి. నట్టు కదల్లేదు. దాని మూలలు పోయాయి.

కారు డ్రైవర్ భిక్షపతి చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చాడు.

"ఏమంటాంది నా బండి? అయితదా బిడ్డా?"

"అయితది మామా." అనూహ్య చేతిని వెనక్కి పెట్టుకుంది.

"మూడింటికి బయలెల్లుతమని మీ స్కూలు పుష్ప మేడంకు చెప్పిన మరి. పిల్లలంతా సంచులు సదురుకొని కూసున్నరట."

ఆయన వెళ్లిపోయాడు. అనూహ్య రెండో నట్టు వైపు చూసింది. దాని ఆరు మూలలూ ఉన్నాయి. చేతిలోని పానా కింద పెట్టింది. సాయిలు షెడ్డుకు నడిచింది.

రాకేష్ ట్రాక్టరు సామాన్లను కిరోసిన్‌లో కడుగుతున్నాడు.

"ఏందే, మనకు కచ్చి గద?"

"నీతోని కచ్చి. పానాతోని లేదు. నోరు కోసిన పానా ఇయ్యి."

"మీ బాపును రమ్మను. ఇస్త."

"బాపు నల్లగొండ పోయిండు."

"అయితే వచ్చినంక ఇస్త."

అనూహ్య కదల్లేదు. "ఒక నట్టు ఖరాబు చేసిన," అంది. "ఇంకోటున్నది. అదన్న మంచిగ రావాలె. లేకుంటే మా జట్టు హాలియా పోదు."

రాకేష్ చేతులు ఆగాయి. "దేంతోని తిప్పినవ్?"

"అరిగిన పానాకు రేకు పెట్టి."

"తుప్పు నట్టుకా? జర దిమాగ్ ఉండాలె."

"గది నాకూ ఎరుకైంది. పానా ఇయ్యి."

రాకేష్ చేతులు తుడుచుకుని పానా తీసిచ్చాడు. ఆమె వెనకే తనూ వచ్చాడు.

అది రింగు పానా. రింగులో ఒక పక్క సందు కోసి ఉంది. పైపు అడ్డం ఉంటే మామూలు రింగు నట్టు మీదికి ఎక్కదు. దీన్నయితే సందులోంచి పైపు మీదికి ఎక్కించి, నట్టు మీదికి జరపవచ్చు. మామూలు పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది. ఇది చుట్టూ పట్టుకుంటుంది.

పన్నెండు దాటాక ఐలేశం వచ్చాడు. అప్పటిదాకా ఇద్దరూ రెండో నట్టు ముట్టలేదు. బండి స్టాండు వేయకముందే అనూహ్య ఎదురుపోయింది.

"బాపూ, నట్టు ముట్టిన. ఒకటి ఖరాబైంది."

ఐలేశం పైపులు పక్కన పెట్టి వంగి చూశాడు. వేలితో నట్టును తడిమాడు.

"పైపు ఎక్కే కూలర్ మెడ పగల్లేదు. నీ నసీబు మంచిగున్నది. పగిలితే గీ పాత బండికి కూలర్ యాడ తేవాలె?"

ఐలేశం లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ముందు మంచి నట్టు సంగతి చూద్దాం. పానా తెచ్చినవా?"

ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు.

"నువ్వే పెట్టు. నేను ఇంకో పానాతోని కూలర్ మెడ పట్టుకుంట. పట్టకుంటే నట్టుతోపాటు అది గూడ తిరిగి ఇరుగుతది."

అనూహ్య పానాను పైపు మీదికి ఎక్కించి, నట్టు మీదికి జరిపింది. అటూ ఇటూ ఆడించి చూసింది. ఆడలేదు. మెల్లగా లాగింది. నట్టు కిర్రుమంది. తిరిగింది.

మొదటి నట్టుకు ఐలేశం ప్లయరు వేశాడు. అది జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది.

"ఆకురాయితోని రెండు పక్కల చదును చెయ్యాలె. అప్పుడు ప్లయరుకు పట్టు దొరుకుతది. నేను చేస్త, నువ్వు పోయి బువ్వ తిను."

"నేనే చేస్త."

ఆకురాయి ఆడించేందుకు జాగా లేదు. బెత్తెడు మేర మాత్రమే కదులుతోంది. అనూహ్య రుద్దింది. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చి రుద్దింది.

"ఇటీయి, జరసేపు నేను రుద్దుత," అన్నాడు రాకేష్.

"నువ్వు బరబర రుద్దుతవు. నాలెక్క మెల్లగ రుద్దు."

"ఓహో, పొద్దుగాల నట్టు గుండ్రం చేసినామె చెప్తాంది, ఇనుండ్రి!"

అనూహ్యకు నవ్వొచ్చింది. ఆకురాయి ఇచ్చింది.

రెండు వైపులా చదునయ్యేసరికి రెండు గంటలు దాటింది. ఈసారి ప్లయరు జారలేదు. నట్టు పాత పైపుతో సహా బయటికి వచ్చింది.

కొత్త పైపులు వేస్తుండగా భిక్షపతి వచ్చాడు. చేతిలో ఫోను మోగుతోంది.

"ఐలేశన్నా, మేడం ఫోన్ మీద ఫోన్ చేస్తాంది. ఏదో ఒక పానాతోని బిగియ్యుండ్రి!" కింద ఉన్న అరిగిన పానాను తనే తీసి అనూహ్యకు అందించాడు. "గిది పట్టు బిడ్డా. టైమైతాంది."

ఐలేశం కూతురి వైపు చూశాడు.

"అది కాదు మామా. జర ఆగు," అంది అనూహ్య.

కొత్త పైపు నట్టును ముందు వేళ్లతో తిప్పింది. మర చుట్లు సాఫీగా ఎక్కేదాకా తిప్పింది. తర్వాత నోరు కోసిన పానా పెట్టింది.

"రాకేష్, మెడ పట్టు. పట్టినవా?"

"పట్టిన. తిప్పు."

రెండో నట్టునూ అట్లాగే బిగించింది. భిక్షపతి షెడ్డు బయట అటూ ఇటూ తిరిగాడు.

ఐలేశం ఆయిల్ పోసి, కారు కింద కాగితం పరిచి, ఇంజిన్ స్టార్ట్ చేశాడు. వేడెక్కేదాకా ఆపలేదు. తర్వాత కాగితం బయటికి లాగాడు. దాని మీద ఆయిల్ చుక్క లేదు.

మూడూ నలభైకి కారు స్కూలు గేటు నుంచి హాలియాకు బయలుదేరింది. అనూహ్యతో సహా జట్టులో అందరూ ఎక్కారు.