కాటుక పెట్టిన గుడ్లు

మూడో చలువపాన్పులో ఇసుక వేడి అర డిగ్రీ పెరిగింది. నూకరత్నం ముంతతో నీళ్లు చిలకరించి, పచ్చదీపం వెలిగేదాకా అక్కడే నిలబడింది. ఆ పని ఈ పొదుగు కేంద్రాన్ని నడిపే యంత్రం, తీరపాలుడు, తనంతట తాను చేసుకోగలడు. అయినా సేవకులు రోజుకోసారి చేత్తో చిలకరించాలని నిబంధన. దానివల్ల మనుషులకి మనసు కుదురుగా ఉంటుందట. ఎవరి మనసో, ఏం కుదురో.

పందిరి కింద పాన్పుల్లో పొదుగుతున్న తాబేలు గుడ్లన్నీ సీసా గుడ్లే, బీజాగారంలో దాచిన కణాల నుంచి తీసినవి. ఒక్క ఆఖరి పాన్పులోనే సముద్రపు గుడ్లున్నాయి. ఇన్నేళ్ల తర్వాత మొన్నటి పౌర్ణమికి ఒక తాబేలు నిజంగా ఒడ్డెక్కింది. రావణాసురుడి మీసాల గడ్డి పక్కన గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఇప్పటి ఎండలకి బయటి ఇసుకలో వదిలేస్తే గుడ్డు ఉడికిపోతుంది. అందుకని నూకరత్నం, ఎల్లాజీ వాటిని బుట్టలో మోసుకొచ్చారు. ఊరంతా మెట్టకి తరలిపోయాక ఈ రేవులో మిగిలిన సేవకులు వాళ్లిద్దరే.

తవ్వి తీసిన తాబేలు గుడ్డు దొర్లకూడదు. పైకున్న వైపు పైకే ఉండాలి, లేకపోతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అందుకే ఈ రేవులో సముద్రపు గుడ్లు తవ్వి తెచ్చినప్పుడల్లా వాటి నెత్తిన కాటుక చుక్క పెట్టేవారు. ఆ అలవాటు మొదలుపెట్టింది నూకరత్నం కూతురు పైడమ్మ. "పసిపిల్లలకి పెట్టమా? గుర్తుకి గుర్తు, దిష్టికి దిష్టి" అనేది. పెద్ద తుఫానులో గుడ్లు తేవడానికి వెళ్లి పైడమ్మ తిరిగి రాలేదు. బుట్ట మాత్రం దొరికింది.

గుడ్లకి తెగులు పట్టిందేమో వెతికే చీడకన్ను పట్టాల మీద జారుకుంటూ వచ్చింది. ఆఖరి పాన్పు మీద ఇసుకని మెల్లగా ఊది, లోపలికి చూసి, ఎర్రదీపం వెలిగించింది.

"నల్లబూజు. ఈ పాన్పు దహనానికి వెళ్తుంది. తీసుకెళ్లే పెట్టె సాయంత్రం వస్తుంది" అన్నాడు తీరపాలుడు. వాడి గొంతెప్పుడూ మర్యాదగానే ఉంటుంది. ఒళ్లు మండేది అందుకే.

"బూజు కాదు బాబూ, కాటుక. నేనే పెట్టాను" అంది నూకరత్నం.

"కాటుక నా పట్టికలో లేదు. నల్లమచ్చ ఉంటే బూజే."

"పోనీ మెట్ట నుంచి ఎవరైనా మనిషిని పిలువు."

"ఒక్క పాన్పుకి మనుషుల్ని పిలవను. అన్ని పాన్పులూ చెడితే నా చూపులోనే దోషం ఉండవచ్చు. అప్పుడు మాత్రమే తప్పుకుని మీకు అప్పగిస్తాను."

ఆమె కొంగుతో ఒక గుడ్డు తుడవబోయింది. ఆముదంతో చేసిన కాటుక, మెత్తటి పెంకులోకి ఇంకిపోయి ఉంది. గట్టిగా రుద్దితే గుడ్డు దొర్లేలా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి పాన్పు మీదకి గాజుమూత దిగిపోయింది.

నూకరత్నం ఇసుకలో కూలబడింది. "యంత్రాలొచ్చాక ఈ చుక్కలెందుకని నువ్వు చెప్తూనే ఉన్నావురా ఎల్లాజీ. పిల్ల గుర్తని పెట్టాను. నా చేత్తో నేనే చంపుకున్నాను" అని ఏడ్చింది.

ఎల్లాజీ పక్కన కూర్చున్నాడు. "ఊరుకో అప్పా. పైడమ్మ ఉన్నా పెట్టీదే."

కాసేపటికి ఆమె లేచి పాకలోకి వెళ్లింది. కూతురి కాటుక భరిణె పట్టుకుని బయటికొచ్చింది. ఎల్లాజీకి సంగతి అర్థమైంది.

"అన్నిటికీ పెట్టేస్తే వాడు తప్పుకుంటాడు, చలువ ఆగిపోద్దప్పా. పిల్లలొచ్చీదాకా ఊళ్లో బావి నుంచి నీళ్లు మనమే మొయ్యాలి. ఇద్దరమే."

"తెలుసు."

"మొయ్యలేకపోతే ఇవీ పోతాయి, అవీ పోతాయి."

"తెలుసురా" అంది. అని మొదటి పాన్పు దగ్గర వంగింది.

ఒక్కో గుడ్డు మీద ఇసుక తప్పించి, కదపకుండా చుక్క పెట్టి, మళ్లీ కప్పింది. సీసా గుడ్లకి ఇన్నాళ్లూ ఎవరూ చుక్క పెట్టలేదు. పెడుతుంటే వాటి మీదా జాలేసింది. తల్లి లేనివి, దిష్టి తీసే దిక్కు లేనివి. చీడకన్ను ఆమె వెనకే వచ్చి ఊదింది, చూసింది, ఎర్రదీపాలు వెలిగించుకుంటూ పోయింది.

అన్ని పాన్పుల మీదా ఎర్రదీపాలు వెలిగాక తీరపాలుడి గొంతు వినిపించింది.

"అన్నీ నల్లబూజే. నా చూపులో దోషం ఉండవచ్చు. కేంద్రం మీకు అప్పగిస్తున్నాను."

చలువగొట్టాల హోరు ఆగిపోయింది. ఆఖరి పాన్పుతో సహా అన్నిటి మీదా దిగిన గాజుమూతలు లేచాయి. అప్పటికే ఎండ పందిరి అంచు దాటి లోపలికి వస్తోంది.

నూకరత్నం వేలికి ఇంకా కొంచెం కాటుక మిగిలింది. తుఫాను రోజు పిల్ల హడావుడిగా వెళ్లిపోతుంటే బుగ్గన పెట్టలేకపోయింది. ఇప్పుడు పెడదామంటే బుగ్గ లేదు. వేలిని అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది.

ఎల్లాజీ పాత కావిడికి కొత్త తాడు కట్టి, ఖాళీ ఊళ్లోకి వెళ్లి మొదటి బిందెలు మోసుకొచ్చాడు. అప్పుడే ఆయాసపడుతున్నాడు.

"సముద్రపు వాటికి ముందు పోసెయ్యనా?" అని అడిగాడు.

నూకరత్నం ఆఖరి పాన్పు వైపు చూసింది. పోసెయ్యమని నోటిదాకా వచ్చింది.

"వరసలోనే పొయ్యరా" అంది. "అన్నీ చుక్క పెట్టిన పిల్లలే."