ముప్ఫై స్లైడర్లు, రెండు గొంతులు

"ఎడమ చెవికి మిషన్ కావాలి."

"కుడి చెవికైతే గ్యారంటీ ఇవ్వలేం."

"గ్యారంటీ అడిగినవాడెవడు?"

కౌంటర్ వెనక మనిషి బల్ల కింద బటన్ నొక్కాడు. వినికిడి యంత్రాల దుకాణంలో అద్దాల బీరువా పక్కకి జరిగింది. దాని వెనక లిఫ్టు, లిఫ్టు పైన గూఢచారి శాఖ. ఇంతకన్నా మంచి ముసుగు ఇంకెవరికీ తట్టదని పెద్దాయన గర్వం. పైన కూర్చున్నవాళ్లు ఒకరి మాట ఒకరు వినరన్నది వేరే సంగతి.

లిఫ్టు ఎక్కినవాణ్ణి శాఖలో అందరూ 'చెవి' అంటారు. ఇరవై రెండేళ్లుగా దొంగచాటుగా పట్టిన రికార్డింగులు వినడమే అతని ఉద్యోగం. పిస్తోలు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. పరిగెత్తితే ఆయాసం. కానీ ఫోన్లో ఫ్యాను చప్పుడు వినబడితే అది ఏ గదిలో ఎంత ఎత్తున తిరుగుతోందో చెప్పేస్తాడు. ఈ విద్య వల్ల దేశానికి ఏం ఒరిగిందో గానీ, అతని ఇంటికి మాత్రం చెరుపే జరిగింది.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. ఆయనకి నిజంగానే చెవుడు. చెవి వెనక చిన్న మిషన్ ఉంటుంది. పక్కన డిప్యూటీ నిలబడి ఉన్నాడు. మెరిసే బూట్లు, చెరగని చిరునవ్వు, బావిలోంచి వచ్చినట్టు బొంగురు గొంతు.

"మీ వదిన ఊళ్లో దిగింది," అన్నాడు డిప్యూటీ.

చెవి కూర్చోబోయినవాడల్లా మళ్లీ నిలబడ్డాడు.

మూడేళ్ల కిందట అతని అన్నని వంతెన కింద కాల్చి చంపారు. అన్న కూడా శాఖ మనిషే. మర్నాడే ఒక విదేశీ ముఠా రికార్డింగు దొరికింది. పైకి సముద్రపు హోరు. నిద్ర పట్టనివాళ్లు పెట్టుకుని వినే రకం. శబ్దంలో ఏ పాలు ఎంత పెంచాలో తగ్గించాలో చూసే ఈక్వలైజర్‌కి ముఠావాళ్ల సెట్టింగ్స్ పెట్టి వింటే హోరు అడుగున వదిన గొంతు. 'వంతెన కింద. ఆరు గంటలకి. ఒక్కడే వస్తాడు.' విన్నది చెవే. 'ఒకే గొంతు ఉంది, అది ఈమెదే' అని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిందీ చెవే. వదిన ఆ రాత్రే పారిపోయి ముఠాలో చేరింది. తొమ్మిదేళ్ల కూతుర్ని వదిలేసి వెళ్లింది. ఆ పిల్లని అతనే తెచ్చి పెంచుకుంటున్నాడు. పిల్ల అడిగినప్పుడల్లా ఒకటే మాట చెప్పాడు. "మీ నాన్నని చంపించింది మీ అమ్మేనమ్మా. నా దగ్గర ఋజువుంది."

"ఇవాళ పన్నెండింటికి కాన్ఫరెన్సు హాల్లో ఒప్పందం మీద సంతకాలు," అన్నాడు పెద్దాయన. "అనువాదకుల్లో కలిసిపోయి వస్తుందట. వేషం ఏది వేసినా నువ్వు గుర్తుపడతావు. కనబడగానే కుడి చెవి పట్టుకో. బాల్కనీలో షూటర్ ఉంటాడు."

"కాల్చేస్తారా?"

"లేకపోతే దండేసి లోపలికి పిలుస్తారా?" డిప్యూటీ నవ్వాడు. "పొద్దున వాళ్ల కొరియర్ ఒకడు దొరికాడు. లాప్‌టాప్‌లో ఇంకో రికార్డింగు ఉంది. పదకొండులోపు విని చెప్పు. పాత సెట్టింగ్సే వాడు, కొత్తగా చేసేంత టైం లేదు."

ల్యాబ్‌లో రిటైర్మెంటుకి నాలుగు నెలల దూరంలో ఉన్న ఇంజనీరమ్మ కూర్చుని ఉంది. అందరికీ ఆమె అక్కే. చెవి తన పాత సెట్టింగ్స్ పెట్టి కొత్త రికార్డింగు వదిలాడు. సముద్రం. ఇంకోసారి వదిలాడు. మళ్లీ సముద్రమే.

"ఇందులో ఏమీ లేదక్కా."

"లేనిదాన్ని కొరియర్ షర్టు లోపల కుట్టుకుని తిరుగుతాడా? ఆ సెట్టింగ్స్ మన సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా ఎక్కించావు?"

"వాళ్లది పాత గ్రాఫిక్ ఈక్వలైజర్. ముప్ఫై స్లైడర్లు. మనదాంట్లో అది లేదు, ఎక్కడ ఎంత వెడల్పున పెంచాలో మనమే చెప్పే పారామెట్రిక్ ఉంది. ఆ ఫైలు ఇందులో తెరుచుకోదు. కోర్టుకేమో మన సాఫ్ట్‌వేర్‌లో విన్నదే చెల్లుతుంది. అందుకని ముప్ఫై అంకెలూ చూసి ఒక్కొక్కటే కొట్టాను."

"అంకెలు కొట్టావా!" అక్క కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పక్కపక్క స్లైడర్లు ఒకదాని మీదకి ఒకటి వచ్చి పడతాయి కదయ్యా. కింద బేస్‌లో, బొంగురు గొంతులుండేచోట, తొమ్మిది స్లైడర్లు వరసగా పైకెత్తి ఉన్నాయి. ఒక్కోదాని కింద పన్నెండు డెసిబెల్స్ అని రాసుంటుంది, అన్నీ కలిస్తే ఎంతవుతుందో కొలిచావా?"

"లేదు."

"పారామెట్రిక్‌లో వెడల్పెంత పెట్టావు?"

"సన్నగా."

"ఇంకేం, దువ్వెన పళ్లలా వచ్చుంటుంది. పళ్ల సందుల్లోంచి ఏం జారిపోయిందో ఏమో."

చెవికి తల తీసేసినట్టయింది. పని నేర్చుకునే కొత్తలో ఎవడైనా చేసే తప్పు ఇది. అప్పుడు అన్న శవం ఇంట్లో ఉంది, డిప్యూటీ గుమ్మంలో నిలబడి 'టైం లేదు, టైం లేదు' అంటున్నాడు. అయినా తప్పు తప్పే.

అక్క కొరియర్ లాప్‌టాప్ తెరిచింది. పాత ఈక్వలైజర్ అందులోనే ఉంది. అంకెల జోలికి పోలేదు. వైట్ నాయిజ్ తీసుకుంది. అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉండే ఉత్త బుసబుస. దాన్ని ఆ ఈక్వలైజర్ గుండా పంపి, బయటికి వచ్చినదాంట్లో ఏది ఎంత పెరిగిందో చూపే స్పెక్ట్రమ్ గీయించింది. బేస్ దగ్గర గీత కొండలా లేచింది. పన్నెండు కాదు, ఇరవై రెండు డెసిబెల్స్ పైమాటే. చెవి ఆ గీతని చూస్తూ పారామెట్రిక్‌లో వెడల్పులు పెంచుకుంటూ వచ్చాడు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చునేసరికి పదకొండు దాటింది.

కొత్త రికార్డింగు వదిలాడు. హోరు వెనక్కి తగ్గింది. బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు. "పాటలో సిగ్నల్. స్టేజీ కింద పెట్టె దాన్ని వింటుంది. ఆవిడ సంగతి నేను చూసుకుంటా. పాట మొదలయ్యేలోపు మా వాడే కాలుస్తాడు."

"ఇది డిప్యూటీ గొంతే!" అంది అక్క. చెవి ఆమె వంక చూడలేదు. మూడేళ్లనాటి రికార్డింగు వెతికి అదే ఈక్వలైజర్ గుండా వదిలాడు.

ముందు అదే బొంగురు గొంతు. "చదువు. స్కూల్ గేటు దగ్గర మనవాళ్లున్నారు. నీ కూతురు నీలం బ్యాగు తగిలించుకుంది. చూసి చదువు." తర్వాత వదిన. "వంతెన కింద. ఆరు గంటలకి. ఒక్కడే వస్తాడు."

తమ మనిషి రేపు ఎదురు తిరక్కుండా ముఠావాళ్లు అతని గొంతుని కూడా దాచుకున్నారు. అది అన్నేళ్లూ చెవి కంప్యూటర్లోనే, చెవి సంతకం కిందే ఉంది.

"పెద్దాయనకి ఫోన్ చెయ్యి," అంది అక్క.

"ఆపరేషన్ మొదలయ్యాక ఫోన్లన్నీ డిప్యూటీ చేతిలోంచే వెళ్తాయి."

"పెద్దాయన చెవికి మిషన్ ఉందిగా. అది తయారుచేసింది నేనే. హాలు గోడ దగ్గరికెళ్తే నా ట్రాన్స్‌మిటర్ అందుతుంది. నువ్వు ముందు పరిగెత్తు, నేను ఈ మోకాళ్ల నొప్పులతో మెల్లగా వస్తాను."

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా చెవి హాల్లోకి వచ్చాడు. నీలం ఓవరాల్, పెట్టుడు మీసం, భుజాన వైర్ల చుట్ట. ముందు వరసలో పెద్దాయన. బాల్కనీలో షూటర్, పక్కన డిప్యూటీ. అనువాదకుల బల్ల దగ్గర ఎర్రకోటు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి. కత్తిరించిన జుట్టు, నల్లకళ్లద్దాలు. హాల్లో సగం మంది ఆమె వంకే చూస్తున్నారు. దాక్కోవడానికి వదినకి తెలిసిన పద్ధతి అదొక్కటే.

అతను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని వైరు సవరిస్తున్నట్టు నటించాడు.

"వదినా."

"మీసం ఊడిపోతోంది, బాబూ," అంది పెదవి కదపకుండా. "నన్ను చూపించడానికొచ్చావా?"

"చూపించను. రెండో గొంతు విన్నాను. ఇవాళే."

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. 

"మూడేళ్లు పట్టిందా నీకు?"

"వదినా, నేను..."

"ఏడుపు తర్వాత. సంతకాలవగానే పాట వేస్తారు. చివరి చరణంలో మూడు వేల నూటయాభై హెర్ట్జ్ కూత ఒకటి దాచారు. స్టేజీ కింద పెట్టె అది వింటే పేలుతుంది. పాట మధ్యలో ఆపినా పేలుతుంది. పిల్ల పేరు చెప్పి బెదిరించి నన్ను వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు, ఇది చెప్పడానికే తప్పించుకొచ్చాను. మీ ఆఫీసులో ఎవరికి చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ చచ్చాను."

పన్నెండు కొట్టింది. సంతకాలయ్యాయి, చప్పట్లు మోగాయి. పాట మొదలైంది. చెవి సౌండ్ డెస్కు దగ్గరికి పరిగెత్తాడు.

"ఎవరండీ మీరు?" ఆపరేటర్ అడ్డం వచ్చాడు.

"కంపెనీ మనిషిని. జరుగు."

డెస్కు మీద ముప్ఫై స్లైడర్లు. మూడు వేల నూటయాభై దగ్గరున్నదాన్ని అడుగంటా లాగాడు. మీటర్లో ఆ ముక్క తగ్గింది గానీ చావలేదు. అటు రెండూ ఇటు రెండూ కలిపి లాగాడు. పాట దుప్పటి కప్పుకుని పాడినట్టయింది.

"పాట పాడైపోతోంది సార్!"

"పాడవనీ నాయనా."

బాల్కనీలో డిప్యూటీ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, చెవి ఇక సైగ చెయ్యడని తేల్చుకుని, ఎర్రకోటు వైపు తనే వేలు చూపించాడు. షూటర్ తుపాకీ ఎత్తాడు. చెవి అరవబోయాడు. 

ముందు వరసలో పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. తన మిషన్ మీద చెయ్యి పెట్టుకుని, గోడ అవతల నుంచి అక్క పంపిన గొంతుని పది సెకన్లు విన్నాడు. వెనక్కి తిరిగి, హాలు దద్దరిల్లేలా అరిచాడు. "తుపాకీ దించరా! నీ పక్కనున్నవాణ్ణి పట్టుకో!"

షూటర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దాయన మాటే విన్నాడు. చివరి చరణం అయింది, పాట ఆగింది. స్టేజీ కింద పెట్టె కిక్కురుమనలేదు. ఏమీ తెలియని మంత్రులు మళ్లీ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అయిదింటికి వదిన చెవి వాళ్ల ఇంటి మెట్లెక్కింది. తలుపు పిల్లే తీసింది. పన్నెండేళ్లకి తల్లి ఎత్తు వచ్చేసింది. ఎర్రకోటు చూసింది, మొహం చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"బాబాయ్, ఈవిడ ఇక్కడికెందుకొచ్చింది?"

"మీ అమ్మేరా. తప్పు అమ్మది కాదు. నేనే..."

"ఋజువుందన్నావు."

"అన్నాను."

"నేను అన్నం మానేస్తే కూర్చోబెట్టి మరీ చెప్పావు. అమ్మని మర్చిపొమ్మన్నావు."

"అవును. అది తప్పు, అమ్మా."

"మరి ఇప్పుడు చెప్పేది తప్పు కాదని నాకెలా తెలుస్తుంది?"

 తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. ఆ చప్పుడుని బట్టి గడియ రెండుసార్లు తిప్పిందని కూడా అతనికి తెలిసింది.

వదిన మెట్ల మీద కూర్చుంది. నల్లకళ్లద్దాలు తీసేసింది. ఎంత సేపైనా కూర్చునేటట్టుంది.

"నేను దానికి నచ్చజెబుతాను, వదినా."

"వద్దు బాబూ. నీ మాట నమ్మే ఆ పిల్ల ఇలా అయింది."

అతని జేబులో ఫోన్ మోగింది. పెద్దాయన. చెవుడు కాబట్టి ఎప్పటిలాగే అరిచి మాట్లాడాడు. "శభాష్! డిప్యూటీ కుర్చీ ఖాళీ అయింది. రేపటినుంచి అది నీదే!"

ఆ మాట మెట్ల మీదున్న వదినకీ, పక్కింటివాళ్లకీ కూడా వినబడింది. చెవి ఫోన్ పట్టుకుని వదిన వంక చూశాడు.

"తీసుకో, బాబూ," అంది వదిన, మూసిన తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా. "మా ఇంటికి చెయ్యాల్సిన చెరుపంతా మీ డిపార్టుమెంటు చేసేసింది. ఇక భయపడాల్సింది పక్కింటివాళ్లే."