నాలుగో రోజు తడిగుడ్డ

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగా మరకలున్న బట్టల్ని వేరు చేసుకోవడం ఆవిడకి పాతికేళ్ళ అలవాటు. ఇంటి ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. సిరా మరకలు ఒక పక్క, నూనె మరకలు ఇంకో పక్క, మొండివి బల్లకింద బుట్టలోకి. భర్త చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి చీటీలు రాసి బట్టలకి పిన్నులు గుచ్చే పని ఆయనది. మరక చూడగానే అది దేనిదో, ఎన్నాళ్ళ నాటిదో చెప్పగల కన్ను ఆవిడది. వీధిలో అందరూ ఆవిడని మరకలమ్మ అంటారు. ఆ పేరు విని ఆవిడ ఎప్పుడూ ముడుచుకుపోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ రోజు మాత్రం బుట్టలో పెట్టిన చెయ్యి బుట్టలోనే ఉండిపోయింది. కూతురు స్నానాల గదిలోకి వెళ్ళి ముప్పావుగంట అయింది. లోపల నీళ్ళ చప్పుడు లేదు.

పిచ్చుక ఇంకా తయారవలేదా అని భర్త రెండుసార్లు అడిగాడు. చిన్నప్పుడు నోరు మూయకుండా కిచకిచమంటూ ఉండేదని ఆయన పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇప్పుడు పిల్లకి పాతికేళ్ళు. మాటలు తగ్గాయి, పేరు మిగిలింది. కళ్ళద్దాల షాపులో పని. వచ్చినవాళ్ళ ముక్కుమీద ఫ్రేము సరిచేసి, ఎదురుగా అద్దం పట్టి చూపించాలి. ఆ అద్దం పొరపాటున కూడా తనవైపు తిరగకుండా పట్టుకోవడంలో దాని నేర్పు దానిది. పద్నాలుగో ఏట మొదలైన మొటిమలు వెళ్తూ వెళ్తూ రెండు బుగ్గలమీదా గుంటలు వదిలి వెళ్ళాయి మరి.

ఆ గుంటలు పూడ్చుకోవడానికే ఏడాదిగా చర్మం డాక్టరమ్మ చుట్టూ తిరుగుతోంది. రెండు నెలలకొకసారి చొప్పున అయిదుసార్లు లేజర్ చెయ్యాలన్నారు. చేసిన ప్రతిసారీ బుగ్గలు కందిపోతాయి, తర్వాత కాఫీపొడి చల్లినట్టు సన్నని పొక్కులు కడతాయి, వారానికి అవే రాలిపోతాయి. గిల్లకూడదు, రుద్దకూడదు, తుడవకూడదు. డాక్టరమ్మ మొదటి రోజే వేలు చూపించి మరీ చెప్పింది. పక్క కుర్చీలో కూర్చుని మరకలమ్మ కూడా బుద్ధిగా తల ఊపింది.

మొదటి రెండుసార్లూ చక్కగా జరిగింది. గుంటలు కొంచెం పూడాయి కూడా. మూడోసారి జరిగి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

స్నానాల గది గడియ తీసిన చప్పుడైంది.

"అమ్మా, ఒకసారి ఇలా రా."

ఎందుకు పిలుస్తోందో ఆవిడకి చూడకముందే తెలుసు. బుట్ట వదిలేసి వెళ్ళింది. పిల్ల ఎడమ బుగ్గ వాచి, మధ్యలో పసుపుపచ్చగా చీము ఊరుతోంది. కుడి బుగ్గమీద నల్లని మచ్చలు, ఇంతకుముందున్న గుంటలకంటే పెద్దవి.

"నిన్నటిదాకా ఎర్రగానే ఉందమ్మా. ఇదేమిటిలా అయింది? ఇక ఇంతేనా?" అంది పిల్ల.

ఏమీ కాదులే, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం అంది ఆవిడ. అంటూనే చేతులు కొంగులో దాచుకుంది.

ఆ చేతులు చేసిన పని ఆవిడకొక్కదానికే తెలుసు, లేదా అప్పటికి ఆవిడ అలాగే అనుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్ల నొప్పి మాత్ర వేసుకుని పడుకుంది. ఈసారి పొక్కులు మందంగా కట్టాయి. ఎల్లుండి పనిలోకి వెళ్ళాలి, ఈ మొహంతో జనం ముందు ఎలా నిలబడను అని పిల్ల పొద్దుటినించీ కంటతడి పెట్టుకుంటూనే ఉంది. పక్కన కూర్చుని విసురుతున్న తల్లి కంటికి ఆ మొహం మీద పొక్కులు కనిపించలేదు, మరకలు కనిపించాయి. మరక పాతబడేకొద్దీ మొండికేస్తుంది, తడి చేసి మెల్లిగా తీస్తే వచ్చేస్తుంది. పాతికేళ్ళుగా బల్ల దగ్గర ఆవిడ నమ్మిన శాస్త్రం అదొక్కటే. మెత్తని గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, పది నిమిషాలపాటు అద్ది అద్ది తుడిచింది. పొక్కులు వచ్చేశాయి. కింద చర్మం గులాబీ రంగులో మెరిసింది. పని బాగా కుదిరిందని ఆవిడ సంతోషపడింది కూడా, పిచ్చి తల్లి.

ఆ చేతులకి అది మొదటి నేరం కాదు. పిల్లకి పదిహేనేళ్ళప్పుడు ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని మొటిమలన్నీ నొక్కి చీము తీసేది. లోపల ఉంచితే ముదురుతుందని గట్టి నమ్మకం. పిల్లకి పదిహేడు నిండాక ఒక రోజు ఆ చేతిని విసిరికొట్టి, ఈ గుంటలన్నీ నీ చేతి చలవే, ఇంక నా మొహం ముట్టుకోకు అంది. ఆవిడ ఆ మాట మీదే ఎనిమిదేళ్ళు గడిపింది. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే పిల్ల మొహమే కాదు, పిల్లే తనకి దక్కదు.

డాక్టరమ్మ దీపం దగ్గరికి లాగి, భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. పొక్కులు వాటంతట అవే రాలాయా, ఎవరైనా గిల్లడం, రుద్దడం, తుడవడం చేశారా అని నెమ్మదిగా అడిగింది.

ఆవిడ చెప్పెయ్యాలనే అనుకుంది. నోరు పెగల్లేదు. పిల్ల ఒక్క క్షణం తల్లివైపు చూసి, మళ్ళీ డాక్టరమ్మవైపు తిరిగింది.

"ఎవరూ ముట్టుకోలేదు డాక్టర్. వాటంతట అవే రాలాయి."

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది మరకలమ్మ. అయితే పొరపాటు మా వైపే జరిగి ఉండాలి అని డాక్టరమ్మ మెషిన్ అమ్మాయిని పిలిపించింది. లేజర్ చేసేటప్పుడు పక్కన నిలబడి, మెషిన్ మీద వేడి ఎంత ఉండాలో ఆ నంబర్లు పెట్టేది ఆ అమ్మాయే. పిల్ల వయసే ఉంటుంది. మంట పుట్టినప్పుడల్లా పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంకో పది, ఇంకో అయిదు అంటూ లెక్కపెడుతూ ధైర్యం చెప్పేది. ఇప్పుడు ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు రాసిచ్చిందే పెట్టాను మేడమ్" అంది.

సంగతి తేలేదాకా మెషిన్ గదిలోకి వెళ్ళొద్దని చెప్పింది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. ఆ అమ్మాయి చేతి తొడుగులు తీసి మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడింది. చీముకి మందులు రాసిస్తూ డాక్టరమ్మ మిగతా విషయం కూడా చెప్పింది. నంబర్లు సరిగానే ఉన్నాయని తేలితే ఈ చర్మం లేజర్‌ని తట్టుకోలేదని అర్థం; అప్పుడు మిగిలిన రెండుసార్లూ ఇక చెయ్యరు. ఇప్పుడున్న నలుపు ఎంతవరకు పోతుందో కూడా మాట ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక పిల్ల తలుపు దగ్గరికేసుకుంది. ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఒక తెల్ల చొక్కా కాలరు కాల్చేసింది. పాతికేళ్ళలో మొదటి గుడ్డ. భర్త అప్పటికే పెద్ద కాగితం ముందు పెట్టుకుని ఫిర్యాదు రాస్తున్నాడు. సాయంత్రం దుకాణం తలుపులు ఓరగా వేసి, కూతుర్ని పిలిచి కూర్చోబెట్టి, చదివి వినిపించాడు. మెషిన్ నడిపిన మనిషి నిర్లక్ష్యం వల్ల మా అమ్మాయి మొహం పాడైంది, ఆ మనిషిని పనిలోంచి తీసెయ్యాలి, ఇంకెక్కడా ఈ పని చెయ్యకుండా చూడాలి. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"సంతకం పెట్టు."

"పెట్టను నాన్నా" అంది పిల్ల, తల ఎత్తకుండా.

ఎందుకు పెట్టవని ఆయన గొంతు పెంచాడు. బంగారంలాంటి పిల్లని ఇలా చేసినవాళ్ళని ఊరికే వదిలేస్తామా అన్నాడు. రేపు ఇంకో పిల్లకి చేస్తారు, ఆ పాపం మనది కాదా అన్నాడు. ఆయన అన్న ప్రతి మాటా తిన్నగా వచ్చి ఆవిడకే తగులుతోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తెలియకుండానే చేతులు కొంగుకేసి తుడుచుకుంటూ ఉంది. చేతి తొడుగులు పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి కళ్ళముందే ఉంది. ఆ అమ్మాయికీ ఒక తల్లి ఉంటుంది. ఈపాటికి ఆ ఇంట్లో కూడా పొయ్యి వెలిగి ఉండదు.

"ఏమండీ, ఆ కాగితం మీద నా పేరు రాయండి."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ నిలబడే చెప్పింది, నాలుగో రోజు మధ్యాహ్నం నించి, గిన్నె, గుడ్డ, నీళ్ళు, పది నిమిషాలు, ఏదీ దాచకుండా. చెబుతున్నంతసేపూ కూతురివైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని భయం.

"నీకు మతి ఉందా? అదేమన్నా చొక్కా అనుకున్నావా మరక తియ్యడానికి? పిల్ల మొహం అది" అన్నాడు ఆయన. "ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"భయమేసిందండీ. చెబితే ఇది ఇక నన్ను దగ్గరికి కూడా రానివ్వదని భయమేసింది."

ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది అని ఆవిడ కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. కుర్చీ కదిలిన చప్పుడు రాలేదు.

"నాన్నా, నువ్వు ఆగు. అమ్మా, నాకు తెలుసు. ఆ రోజు నేను నిద్రపోలేదు" అంది పిల్ల.

ఆవిడ కళ్ళు తెరిచింది.

"మాత్ర మత్తులో ఉన్నాను కానీ, నిద్రపోలేదు. వెచ్చగా తగిలింది. నువ్వేనని తెలిసింది. తుడవకూడదనీ తెలుసు. వద్దనాలని నోటిదాకా వచ్చింది."

"మరి అనకపోయావా తల్లీ?"

పిల్ల తల వంచుకునే చెప్పింది.

"ఎనిమిదేళ్ళయింది నువ్వు నా మొహం మీద చెయ్యి వేసి. ఏదో కోపంలో అన్నాను, నువ్వు దాన్నే పట్టుకున్నావ్. జ్వరం వచ్చినా నా పాదాలు పట్టుకుని చూసేదానివి తప్ప నుదురు ముట్టుకోలేదు. ముట్టుకోమని ఎలా అడగాలో నాకూ తెలియలేదు. ఆ రోజు నీ చెయ్యి తగిలేసరికి, ఇంకొక్క నిమిషం ఉండనీ, ఇంకొక్క నిమిషం అనుకుంటూ కళ్ళు మూసుకుని పడుకున్నాను. అంతే."

ఇస్త్రీ పెట్టె ఎప్పుడో చల్లారిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడుచుకున్నదే మళ్ళీ తుడుచుకున్నాడు.

"డాక్టరమ్మకి కూడా అందుకే చెప్పలేదు. నీ మొహం చూశాను. నువ్వు చేశావని చెబితే ఇక జన్మలో నా పక్కకి రావనిపించింది. నా భయం కోసం ఆ అమ్మాయిని ఇరికించాను. తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా" అంది పిల్ల.

ఆవిడకి ఏడుపు ఆగలేదు. పిల్లని దగ్గరికి తీసుకోబోయి, ఆ బుగ్గల్ని చూసి చేతులు గాల్లోనే ఆపేసింది.

మర్నాడు పొద్దున దుకాణానికి తాళం వేసి ముగ్గురూ బయల్దేరారు. డాక్టరమ్మ ముందు ఆవిడే నోరు విప్పింది. డాక్టరమ్మ విని పెట్టవలసిన చీవాట్లన్నీ పెట్టింది. తుడిచిన రోజే చెప్పి ఉంటే అప్పుడే మందు మార్చేదాన్ని, పచ్చి చర్మానికి తడి తగిలి చీము పట్టింది, చదువుకున్న పిల్లవి నువ్వైనా చెప్పొద్దా అని ఇద్దరినీ కలిపి దులిపేసింది. ఆ తర్వాత కాస్త తగ్గి, అయితే మెషిన్ తప్పూ కాదు, చర్మం తప్పూ కాదన్నమాట అంది. నలుపు తగ్గడానికి నెలలు పడుతుంది, పూర్తిగా పోతుందని చెప్పలేను, తగ్గాక మిగిలిన రెండుసార్ల సంగతి చూద్దాం అంది. నిన్నటికంటే అది చాలా పెద్ద మాట.

మెషిన్ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది. ఆవిడ వెళ్ళి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్నట్నించీ ఆ నంబర్లే తలుచుకుంటున్నానండీ, నా వేలు ఎక్కడ తప్పిందా అని. ఇక తలుచుకోనక్కర్లేదు కదా" అంది ఆ అమ్మాయి. అని, గోడకి ఆనుకుని, అప్పుడు ఏడ్చింది. పిల్ల వెళ్ళి పక్కన నిలబడి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

పూటకొకసారి పూత మందు రాయాలని రాసిచ్చారు. చేతులు శుభ్రంగా కడుక్కుని, వేలి కొసతో, రుద్దకుండా. ఇంటికి రాగానే పిల్ల కిటికీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, మందు ట్యూబు తల్లి చేతిలో పెట్టింది.

నా వల్ల కాదే అంది ఆవిడ. నువ్వే రాయాలి అంది పిల్ల.

ఆవిడ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది, ఆరేదాకా గాల్లో పట్టుకుంది. వేలి కొసన మినపగింజంత మందు తీసుకుని బుగ్గ దగ్గరికి తెచ్చి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి తాకీ తాకనట్టు ఒకచోట అద్దింది, తీసింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ తీసింది.

పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. రెప్పల కిందనించి నీళ్ళు కారుతున్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.

"అలా భయపడుతూ రాస్తే చక్కిలిగింతలు పెడుతోందమ్మా. మామూలుగా రాయి."