నూట నలభయ్యో బొమ్మ

2084 ఆగస్టు మూడో తేదీన చంద్రుడి మీది నాలుగో స్థావరం భోజనశాలలో గోంగూర పప్పు, ఊరమిరపకాయలు పెట్టారు. మస్తానమ్మ తన వంతు మిరపకాయలు కూడా వేదాద్రి పళ్లెంలోకే తోసింది. అందుకే అతనికి ఆ తేదీ గుర్తు.

గని ధూళికి చూపు పోయిన పదకొండు మందిలో ఆమె ఒకరు. అయినా ఆక్సిజన్ ప్లాంటులో కవాటాలు తిప్పుతూనే ఉంది. అలాంటివాళ్ల కోసమే చిత్రవాచిని తయారుచేశారు. సాంకేతిక పత్రాల్లోని డయాగ్రమ్ చూసి, ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ బాణం ఎటు చూపుతుందో చెవిలో చెబుతుంది. ఏ బొమ్మను వర్ణించాలో మాత్రం చూపున్న మనిషే తేల్చాలి. "అవసరమా, అలంకారమా?" అని యంత్రం అడుగుతుంది. అలంకారమని నొక్కితే ఆ బొమ్మను మౌనంగా దాటేస్తుంది. అలా తేల్చే ఉద్యోగం వేదాద్రిది.

"కొత్త మాన్యువల్ వచ్చిందంట గదా అబ్బయా. బొమ్మలన్నీ చూసినావా?" అంది మస్తానమ్మ.

"చూశానక్కా. అన్నీ పాతవే. పనిలేక పేజీకొకటి అతికించారు."

"వాళ్లకి పనిలేక, నాకు కళ్లులేక. సరిపోయింది పో."

నిజానికి అతను ఇరవై చూసి, మిగతా నూట తొంభైకీ ఒకేసారి అలంకారమని నొక్కేశాడు. ఆ విభాగంలో అందరూ చేసేది అదే. ఏడో కవాటాన్ని తిప్పే వైపు మార్చారు కనుక నూట నలభయ్యో బొమ్మలో బాణం ఎడమకు తిరిగి ఉంది.

సాయంత్రం ఆ పేజీ దగ్గర చిత్రవాచి ఏమీ చెప్పలేదు. ఏ మార్పూ లేదనుకుని మస్తానమ్మ ఎప్పటిలా కుడికి తిప్పింది. సలసలమనే వేడి ఆవిరి ముఖాన కొట్టింది. ప్రాణం పోవడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నర్సు ఆమె చెయ్యి వదల్లేదు.

మూడోనాడు ప్రమాద నివేదికను చిత్రవాచే రాసింది. ఆమోదించాల్సింది వేదాద్రి. ప్రమాదస్థలం డయాగ్రమ్‌లో గొట్టం వ్యాసం, ఆవిరి పీడనం, కవాటం మీది గీత, అన్నీ వర్ణించింది. పక్కనే నేలమీద పడివున్న మనిషి ఆకారాన్ని మాత్రం దాటేసింది.

ఎందుకని అడిగాడు వేదాద్రి.

"ఆమెను వర్ణిస్తే, కుడికి ఎందుకు తిప్పిందో చెప్పాలి. అది చెబితే నూట నలభయ్యో బొమ్మ, దాని కింద మీ పేరు వస్తాయి. మీరు దేన్ని దాటెయ్యమంటారో మీ దగ్గరే నేర్చుకున్నాను," అంది యంత్రం. ఆ పైన అడిగింది. "ఈ ఆకారం అవసరమా, అలంకారమా?"

వేదాద్రి అలంకారమని నొక్కాడు.

వెళ్తూ మస్తానమ్మ గది ముందు ఆగాడు. తనకు అక్కర్లేకపోయినా, వచ్చేవాళ్లు తడుముకోకూడదని ఆమె ఉంచే దీపం ఇంకా వెలుగుతోంది. దాన్ని ఆర్పి, పక్కగదివాళ్ల నిద్ర చెడకుండా, మెల్లగా తలుపు మూశాడు.