పెళ్ళికూతురి అభ్యంతరం

"దేవసహాయానికీ సెలీనాకీ జరగబోయే పెండ్లికి అడ్డమేదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పాలి. మూడోసారి అడుగుతున్నాను, ఇదే కడపటిసారి," అన్నారు పాస్టరు అయ్యగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

వాషర్‌మెన్‌పేట్ తెలుగు చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇలా అడగడం ఆచారం. ఇన్నేళ్ళలో ఎవరూ నోరు మెదిపిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె లేచింది.

"నాకు తెలుసు అయ్యగారూ."

లేచిందెవరో కాదు, సాక్షాత్తూ పెళ్ళికూతురే! "కూర్చోవే, మానం పోతాది!" అంటూ తల్లి కమలాంబ కొంగు పట్టి లాగింది. సెలీనా కూర్చోలేదు.

మగవాళ్ళ వైపు దేవసహాయం బిత్తరపోయి చూస్తున్నాడు. పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రంగులు వేస్తాడతను. ఎంత తోమినా గోళ్ళ సందున రంగు పోదు. అటు చూస్తే మాట రాదని సెలీనా అయ్యగారినే చూసింది.

"నా గుండె చెడిపోయింది. డాక్టరు చెప్పి మూడు నెలలైంది. రెండేళ్ళు బతికితే గొప్పంట. బిడ్డల్ని కనకూడదంట. అమ్మ చెప్పొద్దనింది. ఆయన్ని మోసం చెయ్యలేను."

కమలాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు పుస్తకం తిరగేసి, "జబ్బు అడ్డమని ఇందులో లేదమ్మా. నీకు ఇంకో మొగుడేమైనా ఉన్నాడా?" అన్నారు.

"అయ్యో, లేడు!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దేవసహాయం నవ్వలేదు. లేచి విసవిసా బయటికి నడిచాడు.

అంతే, అయిపోయింది అనుకుంది సెలీనా. కోరుకున్నదే జరిగింది. అయినా ఆరాధన ముగిసేదాకా ఒక్క పాటకీ ఆమె గొంతు కలవలేదు.

బయట జోరున వాన. మెట్ల మీద దేవసహాయం తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు.

"ఇంకా పోలేదా మీరు?"

"కోపం దిగేదాకా ఈడే నిలబడినా. నన్నడక్కుండా నువ్వే తీర్పు చెప్పేస్తివే!"

"రెండేళ్ళే అంటున్నాను. అర్థమయిందా మీకు?"

"అయింది. ఏడ్చుకోడానికే బయటికొచ్చినా." అతను మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "సరి, ఆ డాక్టరు ఈ పొద్దుకేం చెప్పినాడు?"

"ఈ పొద్దుకా? ఏమీ చెప్పలేదు."

"యేసయ్య ఏ పూట అన్నం ఆ పూటకే అడగమన్నాడు గదా. ఎప్పుడో రాబోయే కరువుకి నువ్వు ఈ పొద్దే పస్తుంటివే! ముసలితనం దాకా నువ్వు కావాలనే ఉంది నాకు, లేదంటే అబద్ధం. అది దేవుడు ఇయ్యలేదని, ఇచ్చింది పారేస్తామా?"

సెలీనాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గుండె దడదడలాడింది. మూడు నెలల్లో ఆ దడకి ఆమె భయపడకపోవడం ఇదే మొదలు. 'స్తోత్రం తండ్రీ' అనుకుంది. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

గుమ్మంలో నుంచి అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "గురువారం పెండ్లి ఉన్నట్టా, లేనట్టా?"

"గురువారం దాకా ఎందుకయ్యగారూ? ఈ పొద్దే చెయ్యండి," అంది సెలీనా. "నాలుగు రోజులంటే నాకు తక్కువేం కాదు."