దారం ఎక్కించిన సూదులు

పొద్దున్నే కోడలు మంచం మీద సంచి తెరిచి అత్తగారి సామాను సర్దుతోంది. ఉతికిన బట్టలు, మందుల డబ్బా, సూదుల దిండు పెట్టింది. ఆఖర్న ఉన్ని శాలువా మడుస్తుంటే కాజాలమ్మ చూపు దాని మీద ఆగిపోయింది.

కాజాలమ్మ అనేది దర్జీలు పెట్టిన పేరు. వాళ్ళ చొక్కాలన్నిటికీ ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది ఆవిడే.

"రెండు వారాలకేగా వెళ్ళేది? ఎండలింకా తగ్గనే లేదు. శాలువా దేనికమ్మా?"

"ఉండనివ్వండి అత్తయ్యా, బరువేం కాదుగా," అంది కోడలు తల ఎత్తకుండా.

ఆ తల ఎత్తకపోవడమే కాజాలమ్మకు నచ్చలేదు. పొరుగూళ్ళో కూతురు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందనీ, సాయానికి వెళ్ళాలనీ రాత్రి కొడుకు చెప్పాడు. మరి ఆ మాట కూతురు చెప్పదేం? అడిగితే, నొప్పికి మందిచ్చారు, నిద్రపోతోందన్నాడు. బడి నుంచి టీచరమ్మ ఇవాళ ఇల్లు చూడ్డానికొస్తుంటే, సరిగ్గా నిన్ననే ఆ కాలు విరగాలా?

ఆ ఇంట్లో ఇప్పుడు రెండు భాషలు. మనవరాలు పిట్టకు బడి భాష సరిగా రావడం లేదనీ, ఇంట్లో కూడా అదే మాట్లాడకపోతే కింది తరగతికి దించుతామనీ బడివాళ్ళు కబురు పెట్టారు. అప్పట్నుంచి కొడుకూ కోడలూ అన్నం దగ్గర కూడా అదే మాట్లాడుకుంటున్నారు. కాజాలమ్మకు అందులో ముక్క తెలీదు. అర్థం కాని ప్రతి మాటా తన గురించేననిపిస్తుంది. తను గదిలోకి రాగానే వాళ్ళు గొంతు తగ్గిస్తే ఇక చెప్పేదేముంది.

ఆవిడకు దగ్గరి చూపు ఆనదు. బడి నుంచి రాగానే పిట్ట సూదిలో దారం ఎక్కించేది. సూదికో కథ, అదీ ఇద్దరి ఒప్పందం. బడి కబురు వచ్చాక కోడలు కథలు ఆపించింది. పిట్ట దారాలు మాత్రం మానలేదు. పక్కన కూర్చుని, నోరు మెదపకుండా ఎక్కించి వెళ్ళిపోయేది. ఇవాళ చూస్తే దిండు నిండా దారం ఎక్కించిన సూదులే. ఇన్నెందుకు? పిల్లను కూడా తమలో కలుపుకున్నారన్నమాట. నన్ను సాగనంపడానికి అదీ ఓ చెయ్యి వేసింది.

సాయంత్రం రావాల్సిన టీచరమ్మ ఆ పొద్దుటే తలుపు తట్టింది. కోడలు కంగారుగా కుర్చీ లాగింది. టీచరమ్మ లోపలికి తొంగిచూసి, కాజాలమ్మ దగ్గరకొచ్చి, జాలిగా నవ్వి, వేలితో తన పెదవులు చూపించి అడ్డంగా చెయ్యి ఊపింది. అదేమిటో తెలుసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు. మూగదాన్ని పలకరించే తీరది.

సమాధానం కాజాలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తలుపు పక్కన నిలబడ్డ పిట్ట మొహం కనిపించింది. వద్దు, వద్దని తల ఆడిస్తోంది. కాజాలమ్మ నోరు మూసుకుంది. టీచరమ్మ కాఫీ తాగి, పిల్ల బుగ్గ గిల్లి వెళ్ళేదాకా మూగగానే కూర్చుంది.

తలుపు పడగానే లేచింది.

"బతికుండగానే నోరు లేనిదాన్ని చేశావమ్మా. నేను చచ్చానని చెప్పినా సరిపోయేదిగా. ఆ కాలు విరగడం కూడా నువ్వు అల్లిందేనా?"

కోడలు తెల్లబోయింది. టీచరుతో తానేమీ చెప్పలేదని ఒట్టేసింది. కొడుకు అటూ ఇటూ చూసి, ఏదో అపార్థం జరిగిందని నసిగాడు. అప్పుడు పిట్ట నానమ్మ కొంగు పట్టుకుంది. ఎన్ని నెలలకో ఇంటి భాషలో నోరు విప్పింది.

"నేనే చెప్పా నానమ్మా, నీకు మాటలు రావని."

"నేనేం చేశానే నీకు?"

"ఆవిడ ఇక్కడుంటే పిల్ల నోట్లోంచి ఆ భాష పోదని అమ్మ ఫోన్లో అంది. నీకు మాటలే రావంటే ఇంక నిన్నెవరూ పంపరు కదా."

కాజాలమ్మ పిల్లను దగ్గరకు లాక్కుని మంచం మీద కూర్చుంది. కోడలు మంచం మీది శాలువా చేతిలోకి తీసుకుని గోడకు ఆనుకుంది.

"కాలు నిజం అత్తయ్యా. కట్టు విప్పేసరికి చలి మొదలవుతుందట. అన్నాళ్ళంటే మీరు బెంగపడతారని రెండు వారాలన్నాం. కానీ ఇవాళ మీరిక్కడ లేకపోతే బాగుండునని నేననుకున్న మాటా నిజమే. చిన్నప్పుడు ఇంటి భాష మాట్లాడానని బడిలో నన్ను గుమ్మం బయట నిలబెట్టేవాళ్ళు. దీనికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. మిమ్మల్ని గుమ్మం దాటిస్తున్నానని తోచలేదు."

కొడుకు చెల్లెలికి ఫోన్ కలిపి తల్లి చేతికిచ్చాడు. తెర మీద తెల్లటి కట్టు, దాని వెనక కూతురి వాడిన మొహం కనిపించాయి. "అమ్మా, ఎప్పుడొస్తావే?" అందామె. అంతసేపూ రాని ఏడుపు కాజాలమ్మకు అప్పుడొచ్చింది. శాలువా తనే అందుకుని సంచిలో పెట్టుకుంది.

"మరి ఈ సూదులన్నీ ఎందుకే, దొంగపిట్టా?"

"సూదికో కథ కదా. అన్నీ చెప్పాలి నువ్వు."

మర్నాడు కోడలు బడికి వెళ్ళి నిజం చెప్పింది. తమ ఇంట్లో రెండు భాషలూ ఉంటాయనీ, ఉండాలనీ కూడా చెప్పి వచ్చింది. పిట్టను కింది తరగతికి దించారు. రోజూ సాయంత్రం కోడలు ఫోన్‌ను బల్ల మధ్యన అందరికీ వినబడేలా పెట్టేది. అక్కడ కూతురింట్లో కాజాలమ్మ ఓ సూది తీసి, కుడుతూ కథ చెప్పేది. కొడుకు కూడా పని నుంచి త్వరగా వచ్చేవాడు. కథ మధ్యలో కోడలు పాత మాటలేవో అందిస్తే, పిట్ట వాటి అర్థం అడిగేది.

చలి ముదిరాక కూతురు కుంటుకుంటూ అన్న ఇంటికి ఆ సంచిని తెచ్చి అదే మంచం మీద పెట్టింది. శాలువా కింద సూదుల దిండు ఉంది. కొన్ని సూదులకు దారం ఇంకా అలాగే ఉంది.

కాజాలమ్మ తిరిగి రాలేదు. కూతురి కట్టు విప్పిన వారంలో, ఒక తెల్లవారుజామున, నిద్రలోనే పోయింది.