చేతి మీద నీలం సున్నా

చర్ల దాటి అడవిలోకి పోతే రోడ్డు అయిపోయే చోట మా దవాఖానా ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వానొస్తే కారే రేకులు. అక్కడ డాక్టర్ని నేను. కల్లూరు దగ్గర మా తండాలో మొదటి డాక్టర్ని కూడా నేనే. ఆ సంగతి నాకంటే మా వాళ్లకే ఎక్కువ గుర్తుండేది.

2005 జులైలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టింది. భద్రాచలం పోయే ఆఖరి బస్సు నాలుగింటికి. మర్నాడు మా బిడ్డ సోనికి ఐదేళ్లు నిండుతాయి. పోయినేడు పుట్టినరోజుకు రాలేదని ఆ పిల్ల ఫోన్‌లో నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఈసారి ఎట్లాగైనా ఖమ్మం చేరాలని సంచి సర్దుకుని కూర్చున్నాను.

మూడున్నరకు పక్క గూడెం జంపయ్య తన వదిన ముత్తక్కను నడిపించుకొచ్చాడు. పోడు కోసం చెట్లు కొడుతుంటే గొడ్డలి జారి పాదం మీద పడి వారమైందట. ఆకు పసరు కట్టు విప్పగానే గది నిండా కుళ్లు కంపు. నేను ముక్కు మూసుకున్నాను. ఆమె అది చూసి, సిగ్గుపడి పాదాన్ని చీర కిందికి లాక్కుంది.

"పెనిసిలిన్ ఇయ్యి సిస్టర్," అన్నాను.

నాగలత సిస్టర్ పద్ధతి తప్పని మనిషి. ముత్తక్క ముంజేతి చర్మం కింద ముందు పరీక్షకు ఒక చుక్క మందు ఎక్కించింది. దాని చుట్టూ బాల్‌పెన్నుతో నీలం సున్నా చుట్టి, పక్కన టైం రాసింది. 3.40. ఇరవై నిమిషాలు ఆగాలి. సున్నా లోపల చర్మం ఉబ్బకపోతేనే అసలు సూది వేయాలి.

ఇరవై నిమిషాలు ఆగితే బస్సు పోతుంది. కుర్చీలోంచి లేవకుండానే దూరం నుంచి చూశాను.

"ఏం లేదు. ఇచ్చెయ్యి."

"ఐదు నిమిషాలే అయింది సార్."

"ఇయ్యమన్న గద."

సూది వేసిన రెండు నిమిషాలకే ముత్తక్క గోక్కోవడం మొదలుపెట్టింది. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బి ముఖం ఎవరిదో అయిపోయింది. పొద్దున తాగిన జావ నా బూట్ల మీద కక్కింది. గొంతులో పిల్లికూతలు... తర్వాత అవి కూడా సన్నగిల్లాయి.

సిస్టర్ చేతిలో అడ్రినలిన్ సూది ఉంది. "ఇయ్యాల్నా సార్?" గుసగుసగా అడిగింది.

మందు పడకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆఖరేడు పరీక్షలో నాకు పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. ముందు అడ్రినలిన్, అర మిల్లీలీటరు, తొడ కండలోకి, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా. మిగతావన్నీ ఆ తర్వాతే. రాసింది ఈ చేత్తోనే. కానీ వార్డులో సీనియర్ల వెనక తిరిగి నేర్చుకున్నది వేరు. దద్దుర్లంటే అవిల్, డెక్సా సూదులు. అడ్రినలిన్ అంటే భయం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

"వద్దు. గుండె ఆగుతది. అవిల్ తీయి, డెక్సా తీయి."

రెండూ ఇచ్చాం. ముత్తక్క గాలి కోసం కొట్టుకుంటూ సిస్టర్ జేబులో పెన్నును గుప్పిట పట్టేసింది. అప్పుడే బస్సు హారన్ వినిపించింది. నేను కిటికీ వైపు చూశాను. ఛీ, మనిషి పోతుంటే బస్సు వైపు చూశాను. తల తిప్పేసరికి ఆమెకు ఊపిరి లేదు. ఛాతీ నొక్కాను. అడ్రినలిన్ అప్పుడిచ్చాను. అప్పుడిచ్చి ఏం లాభం?

జంపయ్యకు చెప్పడానికి సిస్టర్ వరండాలోకి పోయింది. గదిలో నేనూ, శవమూ. సున్నా లోపల చర్మం రేగుపండంత ఉబ్బి ఉంది. అది ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోతుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి సున్నాను తుడవడం మొదలుపెట్టాను.

తుడుస్తున్నకొద్దీ బొడిపె ఉబ్బుతోంది. చచ్చిన ఒంట్లో దద్దు లేవదు... నాకు తెలుసు. వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వేలి కింద కదిలింది...

"తుడవకు సారూ. ఇంకా టైం గాలే."

ఆమె పెదాల మీద జావ ఎండిపోయి ఉంది. పెదాలు కదల్లేదు.

నేను ఆగానా? ఆగలేదు. నీలం మరక పోయేదాకా తుడిచాను. రిజిస్టర్‌లో పరీక్ష టైం 3.10 అని, 'ఉబ్బు లేదు' అని రాశాను. పెన్ను మాత్రం ఆమె పిడికిట్లోంచి ఎంత లాగినా రాలేదు. పెన్నుతోనే మంచం మీద మోసుకుపోయారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నాలుగేళ్లయింది. ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. ఈ మధ్యలో మూడుసార్లు ఇట్లాంటి కేసులొచ్చాయి. మూడుసార్లూ ముందు తొడలోకి అడ్రినలిన్ ఇచ్చాను. నిమిషాల్లో గొంతు తెరుచుకుని మనుషులు లేచి కూర్చున్నారు. వాళ్లు దండం పెడుతుంటే నేను ముఖం తిప్పుకునేవాణ్ని.

ఈ రోజు మళ్లీ ముసురు. రేపు సోనికి తొమ్మిదేళ్లు నిండుతాయి. బడి నుంచి తడిసి వచ్చి, నా పక్కన కూర్చుని ముంజెయ్యి గోక్కుంటోంది.

"ఏంది బిడ్డా?"

"దురద బాపూ."

చెయ్యి తిప్పి చూశాను. నీలం సున్నా. పక్కన 3.40 అని నాగలత సిస్టర్ చేతిరాత.

"ఎవరు గీసిండ్రు?"

"తెల్వది."

సిరంజిలో అడ్రినలిన్ ఎక్కించి పక్కన పెట్టుకున్నాను. స్పిరిట్ దూది తీసుకుని సున్నా మీద పెట్టాను. సోని నా మణికట్టు పట్టుకుంది. ముత్తక్క శవం అన్న మాట నేను నా భార్య రుక్మిణికి కూడా చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు...

"తుడవకు బాపూ," అంది. "ఇంకా టైం గాలే."

ఇంట్లో ఎక్కడి నుంచో ఆకు పసరు కంపు వస్తోంది. గోడ గడియారంలో 3.45 అయింది.